చెవి మీద గాటు

అక్క పళ్లసెట్లు తయారుచేసే ల్యాబులో ముప్పై ఏళ్లుగా పనిచేస్తోంది. తమ్ముడు బస్సు డ్రైవరు. ఇద్దరూ పెళ్లి మాట ఎత్తకుండానే నడివయసు దాటేశారు. ఒకే ఇంట్లో ఉంటూ ఒకే పిచ్చి పెంచుకున్నారు: రోమన్ల కాలపు వెండి నాణేలు. సెలవు రోజున ఒక పాత సామాన్ల కొట్టుకు వెళ్లి కొనుక్కొచ్చేది తమ్ముడు. పుస్తకాలు ముందేసుకుని బొమ్మలు పోల్చేది అక్క. ఒకవైపు చక్రవర్తి తల. రెండోవైపు రెక్కల దేవతో, ఏనుగో, కలిపి పట్టుకున్న రెండు చేతులో.

"ఈ ముక్కు చూడక్కా, అచ్చం మా డిపో మేనేజరే" అని అతను నవ్వించేవాడు.

ఊపిరితిత్తులు పాడై, డాక్టర్లు చేతులెత్తేశాక తమ్ముడు ఒక్కటే అడిగాడు. "వీటిని మ్యూజియంలో పెట్టించక్కా. కింద మనిద్దరి పేర్లూ ఉండాలి. మన తర్వాత మనల్ని తలుచుకునేవాళ్లు ఎవరున్నారు?"

ఇరవై మూడు నాణేలూ డబ్బాలో పెట్టుకుని వెళ్లింది. మ్యూజియం అధికారిణి భూతద్దం కింద చాలాసేపు చూసి, రెండింటిని పక్కపక్కన పెట్టింది.

"చక్రవర్తి చెవి మీద గాటు చూడండి. రెండింటికీ ఒకే చోట, ఒకే పొడవు. అప్పట్లో ఒక్కో నాణేన్నీ సుత్తితో కొట్టి అచ్చు వేసేవాళ్లు. వాడకంలో పడ్డ గాటు రెండింటికీ ఒకేలా ఉండదు. ఇవి అచ్చు తీసి పోత పోసిన నకిలీవండీ" అంది మెల్లిగా.

అక్క భూతద్దం అందుకుంది. ఏనుగు కాళ్ల మధ్య సూదిమొనంత బుడగలు. దేవత రెక్కల్లోనూ అవే. ల్యాబులో లోహం పళ్లు పోత పోసినప్పుడు అలాంటి బుడగ ఒక్కటి కనిపిస్తే ఆ పన్ను పక్కన పడేసే మనిషి తను. ఇన్నేళ్లూ వీటిని ఆ కంటితో చూడనే లేదు. తమ్ముడు తెచ్చాడంటే ఇంకా చూసేదేముంది?

"ఒక్కటైనా..."

అధికారిణి తల అడ్డంగా ఊపింది.

అబద్ధం చెబుదామనే ఇంటికొచ్చింది. తమ్ముడు తలగడకు ఆనుకుని ఎదురుచూస్తున్నాడు. ఆమె చేతిలో డబ్బా చూశాడు.

"తీసుకోలేదా?"

"ఏవో కాగితాలు కావాలట. మళ్లీ రమ్మన్నారు."

"నీకు అబద్ధమాడటం రాదక్కా." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "అన్నీనా?"

ఆమె డబ్బా బల్ల మీద పెట్టి తలూపింది.

"బుద్ధెరిగాక నేను చేసిన మంచిపని ఇదొక్కటే అనుకున్నా."

"నేనైనా చూడాల్సింది రా."

"నిన్నేమన్నా అన్నానా" అని గోడ వైపు తిరిగిపోయాడు.

ఆ తర్వాత మందిస్తే మింగాడు, పలకరిస్తే కళ్లు మూసుకున్నాడు. తొమ్మిదో రోజు పొద్దున పోయాడు.

అక్క మళ్లీ పనిలోకి వెళ్లింది. మైనంలో పళ్లు అమరుస్తూ మధ్యలో ఆగిపోయేది. "ఏమైంది?" అని పక్క టేబులావిడ అడిగితే, "ఏం లేదు" అనేది. ల్యాబు మూసేదాకా అక్కడే కూర్చునేది. ఇంటికెళ్లి ఎవరితో ఏం మాట్లాడాలో ఆమెకు తెలియలేదు.