కంబన్న పరిగెలు

ఎర్రగుంట్లకు అవతల, పెన్న ఒడ్డున ఊరికి నీళ్లు తోడే మోటారు గది ఉంది. దాన్ని చూసుకునే కంబన్నకు పెళ్లాం పోయి నాలుగేళ్లు, పిల్లల్లేరు. మోటారు తిప్పేవాడితో ఎవరికేం మాటలుంటాయి? నీళ్లొస్తే ఎవరూ తలచుకోరు, రాకపోతే మాత్రం ఊరంతా తిడుతుంది.

అందుకే ఆయన పరిగెలతో మాట్లాడేవాడు. వేలెడంత చేపలు, తోక దగ్గర నల్లచుక్క. ఒకప్పుడు ఏటి పొడవునా ఉండేవి. ఇసుక లారీలు ఏటి కడుపు తోడేశాక, మోటారు పైపు మునిగే ఈ ఒక్క మడుగులోనే మిగిలాయి. పొద్దున్నే జొన్నరొట్టె తుంచి వేస్తే చటుక్కున గుంపుగా పైకొచ్చేవి. "నా పెండ్లాం గూడా పిలిస్తే ఇంత బిన్నా రాల్యా" అని నవ్వుకునేవాడు.

ఎండలు ముదిరేసరికి మడుగు మోకాలి లోతుకు దిగింది. గంట ఆడాల్సిన మోటారును కంబన్న పావుగంట ముందే ఆపసాగాడు. ఆ కాసిని నీళ్లుంటే పరిగెలు వానల దాకా బతుకుతాయి, ఊరికేం తెలుస్తుందిలే అనుకున్నాడు. తప్పు చేస్తున్నానని కూడా తోచలేదు, పిచ్చి మారాజుకు.

పదోరోజు పొద్దున మద్దమ్మ వచ్చింది. ఊళ్లో చిట్టచివరి వీధి ఆమెది, డెబ్బై ఏళ్లుంటాయి. చంకలో ఖాళీ బిందె.

"ఏమప్పా కంబన్నా, మోటారు ఆడతాండాదా? మా కొళాయి పది దినాలుగా బుస్సుమంటాదే గానీ చుక్క రాల్యా. ముందు వీధులోళ్లకు వస్తాండాయి. మేమేం పాపం జేసినాం?"

తాను మిగిల్చిన పావుగంట ఎవరిదో కంబన్నకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"నువ్వు ఇంటికి పోమ్మా. ఈ పొద్దు వస్తాయి" అన్నాడు.

ఆ రోజు మోటారు గంట నిండా ఆడింది. ఆగేసరికి మడుగు అడుగున బురదే మిగిలింది. కంబన్న మోకాళ్ల మీద కూర్చుని దొరికినన్ని పరిగెల్ని బకెట్లో వేసుకున్నాడు గానీ, ఆ వేడికి సాయంత్రానికల్లా అన్నీ చచ్చి తేలాయి. తెల్లారేసరికి మడుగులో మళ్లీ ఊట ఊరింది. ఊరికి చాలినన్ని నీళ్లు.

నాలుగోనాడు మద్దమ్మ గిన్నెలో సంగటి, నంజుకోవడానికి శెనక్కాయల ఊరిబిండి తెచ్చి మడుగు పక్కనే పెట్టింది.

"తిను నాయనా. నీ పుణ్యాన గొంతులు తడిసినాయి."

ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉండగా కంబన్న అన్నం తిని నాలుగేళ్లయింది. మద్దమ్మ మడుగులోకి వంగి చూసింది.

"నీళ్లు శానా తేటగుండాయే. ఒక్క పురుగు గూడా ల్యా" అని సంబరపడింది. "రేపు గూడా తెస్తా. ఒక్కనివే ఉండావు కదా."

వద్దనాలని నోటిదాకా వచ్చింది. ఆమె లేచిపోతే మళ్లీ పలకరించే ప్రాణి లేదు.

"తేమ్మా" అన్నాడు.