అమ్మ పోయని నీళ్ళు

ఊరు మళ్ళీ కదులుతోంది. రేబీన్ ఒక్కో ఇల్లూ దాటుతుంటే, దాటిన ఇల్లే చప్పుడు చెయ్యకుండా వచ్చి మళ్ళీ ముందు నిలబడుతోంది, అన్నిటికీ ముందు గోడ ఒక్కటే ఉంది, వెనక కర్రల ఊతాలు. ఇది తన కుర్దు పల్లె కాదని, సొంత దేశం గడప తొక్కనివ్వని దర్శకుడిగా తానే సినిమా కోసం గ్రీసు కొండల్లో ప్లైవుడ్‌తో వేయించుకున్న సెట్టని అతనికి తెలుసు. అయినా మంచు వాసన మాత్రం అచ్చం ఊరిదే.

ఒక గుమ్మంలో అమ్మ కూర్చుని ఉంది, ఒళ్ళో రాగి గిన్నె. ఆమె పోయిన కబురు అతను బెర్లిన్‌లో ఫోనులో విన్నాడు, పిడికెడు మట్టి వేయడానికైనా వెళ్ళలేకపోయాడు. ఇప్పుడామె పెదవులు ముందు కదులుతున్నాయి, మాట తర్వాత వినిపిస్తోంది, శబ్దం సరిగ్గా కలపని రీలులోలాగా.

"ఏరా, ఇలా చిక్కిపోయావ్? అవార్డులిచ్చినోళ్ళు రొట్టె పెట్టరా?"

"పెడతారు దాయే," అంటాడు. వాళ్ళ భాషలో అమ్మని అలాగే పిలుస్తారు. "మన ఊరు కట్టాను, చూశావా?"

"ఇల్లలకగానే పండగైపోద్దా? గోడలు లేపావు సరే. ఆ నీళ్ళు పోసే పిల్లేది?"

ప్రయాణమైనవాడు క్షేమంగా తిరిగి రావాలని వెనక నీళ్ళు పోయడం వాళ్ళ ఆనవాయితీ. తన సినిమాల మీద కోపంతో సైనికులు వెతుక్కుంటూ వచ్చిన రోజు అతను పారిపోతుంటే, గుమ్మం తడి చూసి పట్టేస్తారని అమ్మ గిన్నె నింపి కూడా పోయలేదు. అతను మళ్ళీ ఊరి ముఖం చూడలేదు. కొత్త సినిమాలో అదే ఘట్టం తీశాడు, నటి చేత నీళ్ళు పోయించాడు, అది అబద్ధమని నిన్ననే ఎడిటింగులో కోసిపారేశాడు.

"అప్పుడెలాగూ పోయలేదు. ఇప్పుడన్నా పోసి పంపు దాయే. నేను ఇంటికి రావాలి," అని సిగ్గు విడిచి బతిమాలుతున్నాడు. గిన్నెలో నీళ్ళు అంచుదాకా నల్లగా ఉన్నాయి, వాటిలో అతని ముఖం కనిపిస్తోంది, పక్కనే వంగిన ఆమెది కనిపించడం లేదు.

అమ్మ గిన్నె వెనక్కి దాచుకుంటుంది. "ఈ చేత్తో పోస్తే ఊరికి రావు నాయనా. నా దగ్గరికొస్తావు."

"వస్తే వస్తాను."

ఆ మాటకి ఇళ్ళన్నీ ఇటు తిరుగుతాయి, ప్రతి గుమ్మంలోనూ ఎవరో జరిగి అతనికి చోటిస్తున్నారు. భయమేస్తోంది, వెళ్ళి కూర్చోవాలనీ ఉంది.

"నోర్ముయ్." ఈసారి మాట పెదవులకంటే ముందే వస్తుంది. "ఆ పిల్లనెందుకు తీసేశావ్? బతికున్న చెయ్యి కదరా దానిది. అబద్ధమైతే ఏం, నేను పోద్దామనుకున్న నీళ్ళే పోసింది." అని గిన్నె నేలమీద బోర్లించేస్తుంది. చుక్క కూడా ఒలకదు.

మెలకువ వచ్చేసరికి బాగా తెల్లారింది, కిటికీ కింద ట్రామ్ వెళ్తోంది. రేబీన్ కళ్ళైనా తుడుచుకోకుండా ఎడిటర్‌కి ఫోన్ చేసి, "ఆ నీళ్ళ షాటు మళ్ళీ పెట్టెయ్," అన్నాడు. గొంతు ఎండిపోయి మంచం పక్కకి చెయ్యి చాచాడు. పడుకునే ముందు నిండా నీళ్ళు పోసి పెట్టుకున్న గ్లాసు బోర్లించి ఉంది. ఎత్తి చూశాడు. కింద బల్ల పొడిగా ఉంది.