మంచులో వదిలేసిన బండి

రెండువేల సంవత్సరంలో సింగపూర్‌లో ఏ ఇద్దరు తెలుగువాళ్లు కలిసినా మొదటి ప్రశ్న సాఫ్ట్‌వేర్ గురించే. "మీరు ఏ ప్లాట్‌ఫామ్ మీద చేస్తున్నారు?"

"బుల్డోజర్ల మీదండీ" అనేది తారాదేవి. అడిగినవాళ్లు నవ్వేవారు. ఆమె మాత్రం నిజమే చెప్పేది.

కడపలో పుట్టి మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన తారాదేవి, జురాంగ్‌లో ఫ్యాక్టరీల మధ్య ఒక చిన్న కంపెనీలో పనిచేస్తోంది. అంటార్కిటికాలోని ఒక పరిశోధనా కేంద్రానికి బుల్డోజర్లు, మంచు మీద నడిచే ట్రాక్ బండ్లు, జనరేటర్లు ఆగకుండా చూసే బాధ్యత ఆ కంపెనీది. అక్కడ వేసవి ఉండే నెలల్లో తనే వెళ్లి యంత్రాలన్నీ విప్పి చూసి, బాగు చేయించి వచ్చేది. శీతాకాలం మొదలయ్యాక అక్కడికి ఓడా వెళ్లదు, విమానమూ వెళ్లదు. ఒక్క మెకానిక్ మాత్రం శాస్త్రవేత్తలతో పాటు ఉండిపోతాడు. అతను చేసే పనిని ఆమె ఇక్కణ్ణుంచే శాటిలైట్ ఫోన్‌లో పర్యవేక్షించేది.

ఆ ఏడు ఉండిపోయినవాడు నూకరాజు. ఊరు భీమిలి దగ్గర. షిప్‌యార్డులో డీజిల్ ఇంజన్ల మీద చెయ్యి తిరిగినవాడు. ఆమే ఏరికోరి పంపింది.

మే నెలలో, అక్కడ శీతాకాలం మొదలయ్యాక, ఒక ఉదయం ఫోన్ వచ్చింది. ముందురోజు నూకరాజు ఇంధనం పీపాలున్న స్లెడ్జిని, అంటే మంచు మీద జారే చక్రాల్లేని బండిని, బుల్డోజర్‌తో లాక్కొస్తుంటే, చలికి గాజులా పెళుసెక్కిన హైడ్రాలిక్ గొట్టం పగిలిపోయింది. ముందున్న బ్లేడు కిందికి దిగబడి బండి కదలనంది. ఆ బరువు లాగగల బండి మరొకటి లేక రెంటినీ అక్కడే వదిలి, వెంట వచ్చిన ట్రాక్ బండిలో కేంద్రానికి చేరుకున్నాడు.

"ఇప్పుడు గాలి పడిపోయిందండి మేడం. కొత్త గొట్టం అట్టుకుని ఎల్లిపోతాను. గంట పని" అన్నాడు.

"చలి ఎంత ఉంది?"

"మైనస్ నలభై దాటిందనుకోండి. అయితే ఏటి?"

"మళ్లీ గాలి ఎప్పుడు లేస్తుందంటున్నారు?"

"సాయంత్రానికంటున్నారు. ఆపాటికి నేనొచ్చేసి టీ తాగుతుంటాను."

కేంద్రం నాయకుడు కూడా లైన్లోకి వచ్చి, యంత్రాల బాధ్యత ఉన్న ఆమె సరేనంటే తాను అడ్డు చెప్పనన్నాడు. అంటే మాట ఆమెదే.

తారాదేవి కళ్లు మూసుకుంది. ఆ గొట్టం బిగించే చోటు ఆమెకు తెలుసు. మందపు గ్లవుజులతో చెయ్యి దూరదు. తియ్యాల్సిందే. తీస్తే ఇనుముకి వేళ్లు అతుక్కుపోతాయి. దారిలో ట్రాక్ బండి కూడా మొరాయిస్తే ఇక వెళ్లి ఆయన్ని తెచ్చేందుకు మరో బండి లేదు.

"వద్దు నూకరాజు గారూ. అక్కడే వదిలెయ్యండి."

"మేడం! రేపటికి అది మంచులో కూరుకుపోద్ది. మళ్లీ ఎండలు వచ్చేదాకా దొరకదు."

"తెలుసు. వద్దు."

 అవతల లైన్ తెగిపోయింది. ఆయనే పెట్టేశాడని ఆమెకు అర్థమైంది.

అనుకున్నట్టే సాయంత్రం గాలి లేచింది. అది తగ్గేసరికి బుల్డోజర్ జాడ లేదు, ఇంధనం జాడా లేదు. ఉన్న ఇంధనాన్ని పొదుపుగా వాడటానికి ఒక ప్రయోగశాలను శీతాకాలమంతా మూసేశారు. ఇద్దరు శాస్త్రవేత్తల ఏడాది పని ఆగిపోయింది. కంపెనీ మేనేజర్ ఆమెను పిలిచి, ఒక్కసారి ప్రయత్నించి ఉండాల్సిందన్నాడు. ఆమె దగ్గర చూపించడానికి ఏ రుజువూ లేదు. జరగని ప్రమాదానికి రుజువేముంటుంది?

వాటన్నిటికంటే నూకరాజు మౌనమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. నెలల తరబడి ఆయన ఫోన్ దగ్గరికే రాలేదు. జనరేటర్ల సంగతులు వేరెవరితోనో చెప్పించేవాడు.

"ఎందుకీ తలనొప్పి? జావా కోర్సు చెయ్యకూడదూ?" అన్నాడు భర్త మధుసూదనరావు, టోవా పాయో హాకర్ సెంటర్లో తిండి అంగళ్ల మధ్య కూర్చుని భోజనం చేస్తూ. "మా ఆఫీసులో తప్పు జరిగితే సరిచేసి మళ్లీ రన్ చేస్తాం. అంతే."

"నాకు ఆ మళ్లీ లేదండీ. అందుకే వద్దన్నాను."

రెండో తరగతి చదివే కూతురు అక్షర నూడుల్స్ మధ్యలో తలెత్తి సింగపూర్ యాసలో అంది. "అమ్మా, దట్ అంకుల్ స్టిల్ యాంగ్రీ ఆ? జస్ట్ సే సారీ లా."

"సారీ చెప్పాలంటే తప్పు చేసుండాలి కదమ్మా. చేశానో లేదో నాకే తెలీదు."

నవంబరులో మొదటి విమానంతో తారాదేవి వెళ్లింది. నూకరాజు నమస్కారం పెట్టాడు తప్ప మాట కలపలేదు. ఇద్దరూ మరికొందరితో కలిసి వెతికి, పొడవాటి కడ్డీలతో పొడిచి, బుల్డోజర్ ఉన్న చోటు కనిపెట్టారు. పారలతో తవ్వి దాన్నీ, వెనకున్న స్లెడ్జినీ బయటికి తీశారు. కింద మంచు రాయిలా గట్టిగా ఉంది. బండ్లను మింగేసే పగుళ్లు ఎక్కడా లేవు. నూకరాజు కొత్త గొట్టం బిగించాడు. ఇంజన్‌కి వేడిగాలి పట్టించి స్టార్ట్ చేస్తే, కాసేపు దగ్గి అందుకుంది.

"సూసారా మేడం? గంట కూడా పట్టలేదు" అన్నాడు. ఇన్ని నెలల్లో ఆయన ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది.

"అవునండీ. ఆ రోజు వెళ్లినా మీరు క్షేమంగా వచ్చేవారేమో."

ఆమె వాదిస్తుందనుకున్నట్టున్నాడు. చేతులు తుడుచుకుంటూ ఆగిపోయాడు. ఇప్పుడు ఎండ ఉంది, పల్చటి గ్లవుజులతోనే పని జరిగింది. అయినా ఆయన తన వేళ్ల వంక ఒకసారి చూసుకున్నాడు.

"మళ్లీ అలాటి రోజొస్తే ఏటంటారు?"

"వద్దనే అంటాను."

నూకరాజు బుల్డోజర్ మీద చెయ్యేశాడు.

"వచ్చే శీతాకాలానికీ నన్నే ఉంచండి మేడం. మీరు వద్దంటే మళ్లీ తిట్టుకుంటాను, ఇప్పుడే సెప్పేస్తున్నాను. తిట్టుకుంటాను గానీ ఎల్లను."

"తిట్టుకోండి. కానీ ఫోన్ దగ్గరికి మాత్రం రావాలి."

ఆయన నవ్వేశాడు. బండెక్కి బ్లేడు పైకి లేపాడు. తారాదేవి ముందు నడుస్తూ దారి చూపిస్తుంటే, వెనక స్లెడ్జి మంచు మీద కీచుమంటూ కదిలింది.