జలుబు కాని జలుబు

ఆడదాని గడ్డం మీద వెంట్రుకలు మొలిస్తే సిగ్గుపడవలసింది ఎవరు? మొలిపించిన హార్మోనా, మోస్తున్న మనిషా, గుచ్చి గుచ్చి చూసే కళ్లా? ఈ ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు.

పళ్ల డాక్టరు దగ్గర సహాయకురాలిగా పనిచేసే ఆమెను అక్కడందరూ మాస్కమ్మ అంటారు. పనివేళల్లో మాస్కు అందరికీ తప్పదు; ఆమెకు మాత్రం పనయ్యాక కూడా మొహం మీంచి దిగదు. మధ్యాహ్నం తక్కినవాళ్లు ఒకే బల్ల చుట్టూ చేరితే, ఆమె డబ్బా పట్టుకుని ఎక్స్‌రే గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. గోడ అవతలి నవ్వులు వింటూ, కిరణాలు తగలకుండా రోగులకు తొడిగే, కొక్కేనికి తలలేని మనిషిలా వేలాడే సీసపు ఏప్రాను ఎదుట తింటుంది.

"మాస్కుతోనే పుట్టావటే తల్లీ? నీ ముద్ద మేమేం లాక్కోంలే, రా!" అని పిలుస్తుంది రిసెప్షనిస్టు.

"జలుబక్కా, మీకంటుకుంటుంది."

ఏళ్ల తరబడి తగ్గని జలుబు అది.

దాని సంగతి తెలిసింది తోడబుట్టిన అక్క ఒక్కతికే. హార్మోన్ల డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకున్నదీ ఆవిడే. "డాక్టరుగారు చూసేదాకా గీసుకోవద్దన్నారే. కనబడితేగా మందిచ్చేది!" అని చెవినిల్లు కట్టుకుని పోరింది. ఆమె గడ్డం పెరగనిచ్చింది. మాస్కు కింద గరుకు గుచ్చుకుంటుంటే ఒక్క ఆశతో ఓర్చుకుంది: మందు పనిచేస్తే ఆ బల్ల దగ్గర తనకూ ఒక కుర్చీ ఉంటుందని.

క్లినిక్కుకు వచ్చే రోగుల మీద ఆమెకొక పాత కోపం ఉంది. చిగుళ్ల జబ్బు చూపించుకోవడానికి వస్తూ, వచ్చే ముందు పళ్లు అరిగేలా తోముకుని మరీ వస్తారు. "ఉన్నదున్నట్టు చూపించుకోడానికి సిగ్గెందుకండీ?" అని విసుక్కుంటుంది.

అపాయింట్‌మెంటు రోజు పొద్దున ఆమె స్నానాల గది గడియ వేసుకుంది. పెద్దమనిషి ముందుకు వెళ్తున్నాను కదా అని, చేతికి అలవాటైన బ్లేడుతో గడ్డం నున్నగా గీసుకుని బయటికి వచ్చింది. అక్క చూసి నెత్తి కొట్టుకుంది.

"ఎక్కడమ్మా? ఏమీ లేదే!" అన్నాడు హార్మోన్ల డాక్టరు.

"గీసుకొచ్చానండీ. మీ ముందుకు అలా ఎలా రావడమని..."

"అద్దం ముందు కూర్చోవడం తగ్గించండి. ఒళ్లు తగ్గండి, అదే సర్దుకుంటుంది. కాదంటారా, పెరిగాక రండి."

ప్రతి స్త్రీ ఒంట్లోనూ కొద్దో గొప్పో ఉండే మగ హార్మోనే అది. ఎంత మించిందో రక్తం చెబుతుంది. గడ్డం తడిమినా గరుకు తెలుస్తుంది. ఆయన వేలూ కదలలేదు, రక్తపరీక్ష రాసివ్వడానికి కలమూ కదలలేదు.

"మళ్లీ పెంచుతావటే?" దారిలో అక్క అడిగింది.

పెంచింది. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేముందు చెయ్యి బ్లేడు మీదికి పోకూడదంటే, ముందు ఈ నలుగురి ఎదుటా బెదురు తీరాలనుకుంది. ఎక్స్‌రే గదిని దాటి బల్ల దగ్గరికి వచ్చి, మాస్కు తీసి మడిచి జేబులో పెట్టుకుని, డబ్బా మూత తెరిచింది.

"జలుబు తగ్గిందక్కా."

రిసెప్షనిస్టు చేతిలోని ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఒకరికి ఫోను గుర్తొచ్చింది. ఇంకొకరికి ఆకలి చచ్చింది. చివరికి రిసెప్షనిస్టు కూడా కళ్లెత్తకుండా డబ్బా సర్దుకుంది. ఆమె మాత్రం లేవలేదు. తింటూనే ఉంది.

ఆమె ఎదుటి కుర్చీ ఈనాటికీ ఖాళీగానే ఉంది. వెళ్లి అందులో కూర్చోండి. చూపు తిప్పుకోకుండా, మీ డబ్బా మూత తీసి తినండి.