నాలుగు పేజీల సీతారావమ్మ

వకుళ అక్షరాల సైజు పన్నెండు నుంచి పదకొండుకి తగ్గించగానే ఆఫీసు పైకప్పు జానెడు కిందికి దిగుతుంది. ఆమె తల వంచుకుని పని కొనసాగిస్తుంది. పుస్తకాల ప్రచురణలో ఇరవై రెండేళ్ళుగా ఉన్న మనిషికి తల వంచడం ఒక లెక్కలోది కాదు.

బెజవాడ గవర్నర్‌పేటలో రెండో అంతస్తు. కంప్యూటర్ మీద ఉన్నది వీరరాఘవయ్య గారి నవల. పుస్తకం పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చవుతుంది. పది ఫారాలకి నూట అరవై పేజీలు. ఈ నవల నూట అరవై నాలుగు దగ్గర ఆగింది. పదకొండో ఫారం వేస్తే పన్నెండు పేజీలు ఖాళీగా మిగులుతాయి. కిందటేడు అలా వదిలేసిన ఖాళీ పేజీల్లో పావురాలు కాపురం పెట్టాయి, పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. పిండి కొద్దీ రొట్టె, ఇక ఖాళీ పేజీలు వద్దని యజమాని అప్పుడే తేల్చేశారు.

అక్షరాలు తగ్గినా పేజీలు తగ్గవు. మార్జిన్లు తగ్గిస్తుంది. గోడలు దగ్గరికి జరిగి బీరువాని ఆమె మోకాళ్ళ మీదికి తెస్తాయి. పేజీలు మాత్రం అన్నే. ఇక మిగిలిన దారి ఒక అధ్యాయం తీసేయడం. కొలిచి కుట్టించినట్టు ఏడో అధ్యాయం సరిగ్గా నాలుగు పేజీలుంది.

“తీసెయ్యమ్మా. కథకేం లోటు రాదు,” అంటారు వీరరాఘవయ్య గారు ఫోన్లో. అన్నాక చాలాసేపు ఫోన్ పెట్టేయరు.

వకుళ మీట మీద వేలు పెట్టేసరికి ఏడో అధ్యాయంలోని అమ్మాయి మెట్లెక్కి వస్తుంది. పదిహేడేళ్ళుంటాయి. లంగా మోకాళ్ళ దాకా తడిసి ఉంది. అరవై ఒకటో పేజీలో ఆమె తమ్ముణ్ణి చంకనెత్తుకుని కాలవ దాటిస్తుంది. అరవై నాలుగో పేజీలో కామెర్లొచ్చి పోతుంది. ఆ తమ్ముడే వీరరాఘవయ్య గారు.

“కూచోనా అక్కయ్యా? తిన్నగా కాలవలోంచే వచ్చా.”

“కూర్చో, సీతారావమ్మా.”

“మా వాడు తీసెయ్యమన్నాడంటగా.”

“బాధపడుతూనే అన్నారు.”

“వాడి తప్పు కాదులే. నాకు నాలుగు పేజీలు చాలు, వాడికి నూట అరవై కావాలి. ఎక్కువున్నోళ్ళకే చోటు చాలదు.”

“నిన్ను ఇంకెక్కడా రాయలేదా?”

“ఎక్కడ రాస్తారు? ఓటు రాకముందే పోయా. ఫోటో దిగుదామని జడేసుకుని కూచున్న రోజు ఫోటో ఆయన రాలేదు. నన్ను చూసినోళ్ళలో మా వాడొక్కడే మిగిలాడు. ఇక్కణ్ణుంచీ లేపేస్తే నేనెక్కడ కూచునేది?”

అడిగిన తీరులో నిష్ఠూరమేమీ లేదు. బస్సులో సీటు గురించి అడిగినట్టే అడుగుతుంది. వకుళకి గుండె చెరువవుతుంది. ఇన్నేళ్ళలో తాను ఎన్ని అధ్యాయాలు కొట్టేసిందో! ఎవరూ ఇలా మెట్లెక్కి రాలేదు. వచ్చే ఉంటారు, తానే భోజనానికి వెళ్ళి ఉంటుంది. ఆ ఊహకి సిగ్గేస్తుంది.

పన్నెండు కావస్తుండగా ప్రెస్సు నుంచి జానీ బాషా వస్తాడు. గుమ్మం ఇప్పుడు నడుమెత్తే ఉంది కాబట్టి వంగి వస్తాడు.

“మేడమ్, మిషన్ ఆకలి మీదుంది. పది ఫారాలే తింటానంటంది, పైన ఒక్క పేజీ ముట్టదంట.”

వకుళ పుస్తకాన్ని వెనక్కి తిప్పుతుంది. మొదటి నాలుగు పేజీల్లో కథ లేదు. ఒకదాని మీద నవల పేరూ రచయిత పేరూ. రెండోదాని మీద సంస్థ వివరాలు, అడుగున సన్నగా ‘సంపాదకురాలు: వకుళ’. మూడోది అంకితం, నాలుగోది విషయసూచిక. ఆమె పేరు అచ్చులోకి ఎక్కుతున్నది ఇదే మొదటిసారి. ఆ ఒక్క లైను కోసం యజమానిని మూడేళ్ళు అడిగింది.

లైనుని ఒకసారి పైకి చదువుకుంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. తర్వాత నాలుగు పేజీలూ తీసేస్తుంది.

పైకప్పు తన చోటికి తాను పోతుంది. “నూట అరవై,” అంటుంది వకుళ.

“పేరు లేకుండానే వేసెయ్యమంటారా?”

“వేసెయ్యండి.”

జానీ బాషా కాగితం ముందుకు జరుపుతాడు. సంతకం పెట్టబోతే ఆమెకి తన పేరు తెలియదు. కిటికీలోంచి చూస్తే వీధిలో బోర్డులు పేర్లు చెరిగి ఒక్కొక్కటే తెల్లబడుతున్నాయి. ఎవరూ గోల చేయడం లేదు.

అంతలో వీరరాఘవయ్య గారు ఆయాసపడుతూ వస్తారు. అధ్యాయం తీయొద్దని చెప్పడానికి బయల్దేరారట, దారిలో పేరు పోయిందట.

“ఒరే, ముసలాడివైపోయావేంట్రా,” అంటుంది అమ్మాయి.

“ఉన్నావా అక్కా?”

“ఉన్నా. యాభై ఏడో పేజీలో. అక్కయ్య నాలుగు పేజీలు ముందుకి జరిపింది.”

డెబ్బై ఏళ్ళ మనిషి కండువాలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడుస్తారు.

“ఏదో ఒక పేరు పెట్టండి సార్, కట్టల మీద రాసుకోవాల,” అంటాడు జానీ బాషా. గదిలో మిగిలిన పేరు ఒక్కటే. అతను కట్టల మీద అదే రాసుకుంటాడు. వకుళ సంతకమూ అదే పెడుతుంది. వీధిలో బోర్డులు రాసేవాళ్ళు నిచ్చెనలెక్కి దుకాణం దుకాణానికీ అదే రాస్తున్నారు.

కృష్ణ వైపు నుంచి ఒకావిడ గొంతెత్తి పిలుస్తుంది.

“సీతారావమ్మా! అన్నానికి రావే!”

“వస్తన్నా!” అంటుంది అమ్మాయి. వకుళా అంటుంది, వీరరాఘవయ్య గారూ అంటారు. కింద బస్సు కండక్టరు, పుస్తకాల షాపులవాళ్ళు, పోలీసాయన, అందరూ ఒక్క గొంతుతో అని బయల్దేరతారు.

ఏట్లో ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టు దాకా నీటి మీద విస్తళ్ళు వేసి ఉన్నాయి. అవి కొట్టుకుపోకుండా కృష్ణ కదలడం మానేసి నిలబడింది. వకుళ చెప్పులు గట్టున విడిచి వెళ్ళి, నీటి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. వడ్డించే ఆవిడ ఒక్కో విస్తరి దగ్గరా వంగి, మొహంలోకి చూసి, పేరు పెట్టి పిలిచి, అన్నం పెడుతోంది.

వకుళ వంతు వస్తుంది.

“చిక్కిపోయావేంటే తల్లీ,” అంటుందావిడ, ఇంకో ముద్ద వేస్తూ.