ఎడమ డొక్క కుట్టు

పొద్దున్నే కొట్టు తెరవగానే టైలరు భార్య ముందు బట్టలు తొడిగి చూసే బొమ్మని తడిమి చూస్తుంది. టైలరు మనసులో ఎవరుంటే వాళ్ల ఒళ్లు తెచ్చుకునే బొమ్మ అది. పోస్టుమాన్ పొట్ట వచ్చిందంటే ఆయన చొక్కా ఈ వారంలో అయిపోతుందని లెక్క. జనం కూడా తొంగిచూసి, నా వంతు ఇంకా రాలేదా అని సణుక్కుంటూ పోతారు.

ఈ నెలంతా బొమ్మ అచ్చం టైలరులాగే ఉంది. పైగా ఎడమ డొక్క మీద నిమ్మకాయంత ఉబ్బు.

ఆమె కాలుగాలిన పిల్లిలా తిరిగింది. రెండేళ్ల కిందట అతనికి ఎముకల మూలుగలో క్యాన్సర్ వచ్చి, మందులకి అణిగింది. మొన్నటి మూలుగ పరీక్ష కూడా బాగానే వచ్చింది. బొమ్మలో దూది ముద్దకట్టిందిలే అని అతను కసిరాడు. అతని చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే ఆమెకి దొరికింది అసలు సంగతి. అన్నిటికీ ఎడమ పక్క కుట్టు విప్పి, లూజు వదిలి మళ్లీ కుట్టాడు. ఎవరి ఒంట్లో వంకరైనా బట్టలో సర్దేసే మహానుభావుడు, సొంత ఒంటికీ అదే వైద్యం చేసుకున్నాడు.

ఆమె బొమ్మని చంకనెత్తుకుని ఆసుపత్రి బస్సెక్కింది. ఎవరో లేచి బొమ్మకి సీటిచ్చారు. బొమ్మ లేనిదే పని సాగదని టైలరు మెడలో టేపుతోనే వెనక బస్సులో పరిగెత్తుకొచ్చాడు.

డాక్టరమ్మ బొమ్మ డొక్క నొక్కి చూసి, అతన్ని చొక్కా విప్పమంది. అదే చోట అదే ఉబ్బు.

"మొన్న పరీక్ష బాగుందన్నారు కదండీ," అన్నాడు.

"మూలుగలో బాగానే ఉంది. కొందరికి ఈ జబ్బు ఎముక దాటొచ్చి బయట కండలో కాపురం పెడుతుంది. ఆ పరీక్షకి దొరకదు. ఒంటంతా స్కాన్ చేద్దాం."

స్కాన్‌లో ఆ ఒక్కచోటే కనిపించింది. ఇంకా ఆలస్యమైతే ఎక్కడెక్కడికి పాకేదోనని డాక్టరమ్మ వెంటనే మందు మార్చింది.

"నాకెందుకు చెప్పలేదు?" బయటికొచ్చాక భార్య అడిగింది.

"ఇప్పుడిప్పుడే నీకు నిద్ర పడుతోంది కదా అని."

తర్వాత నెలల తరబడి ఆమె బొమ్మ చుట్టూ టేపు పెట్టి చూస్తూనే ఉంది. ఉబ్బు తగ్గింది, పోయింది. మళ్లీ రాదని మాత్రం ఎవరూ మాటివ్వలేదు. అతను రోజంతా తన డొక్క తడుముకుంటూనే ఉండేవాడు, బొమ్మ అతనిలాగే నిలబడేది.

ఒక ఉదయం బొమ్మకి బేకరీ ఆవిడ భుజాలు వచ్చాయి. టైలరు భార్య చీపురు పక్కన పడేసి, గచ్చు మీద కూలబడి కరువుతీరా ఏడ్చింది.

లోపల్నుంచి అతను కంగారుగా ఏమైందన్నాడు.

"ఏం లేదండీ. బేకరీ ఆవిడకి వంతొచ్చిందని కబురు పెట్టాలి."