ఖాళీ ఎంతసేపండీ

కనకరత్నం వీడియో గేమును బోర్లా తిప్పి, వెనక మూతను బొటనవేలి గోటితో లేపి, రెండు సెల్లులు పెట్టి, మళ్ళీ వెల్లకిలా తిప్పి బొత్తాలన్నీ వరసగా నొక్కింది. తెర మీద ఇటుకలు రాలాయి. పలికింది కదా అని వెంటనే సెల్లులు తీసేసి తర్వాతి గేము అందుకుంది. పరీక్ష కోసం కొట్టులో ఉన్నవి ఆ రెండు సెల్లులే. రోజూ పొద్దున్న తొమ్మిదిన్నరకి అవి పద్దెనిమిది గేముల్లోకీ వెళ్ళి రావాలి. ఇరవై అయిదేళ్ళుగా ఈ కొట్టులో పనిచేస్తోంది, ఆరేళ్ళుగా గేములు అమ్ముతోంది, ఒక్క ఆటనైనా చివరిదాకా ఆడిన పాపాన పోలేదు.

నలభై మూడేళ్ళ మనిషి. పొడగరి, సన్నగా ఉంటుంది. గాజు బల్ల వెనక నిలబడీ నిలబడీ ఎడమ కాలి మీదే బరువు వెయ్యడం అలవాటై, ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి ఉంటాయి కాబట్టి కుచ్చిళ్ళు నేలకి తగిలేలా కడుతుంది. కళ్ళజోడు కాడ విరిగితే నల్లదారం చుట్టుకుంది. ఆ దారం కూడా వెలిసి తెల్లబడుతోంది.

అమలాపురం బస్టాండు ఎదురుగా ఉన్న ఆ ఫ్యాన్సీ కొట్టుకి బోర్డు లేదు. తుఫానులో ఎగిరిపోయి ఏ కాలవలో పడిందో ఎవరికీ తెలీదు. యజమాని రాజేంద్రప్రసాద్ ‘కొత్తది రాయించాలండి’ అని ఏడాదిన్నరగా అంటూనే ఉన్నాడు. ఈలోగా జనమే బోర్డులేని కొట్టు అని పేరు పెట్టేసుకున్నారు. ఖర్చు తప్పిందని ప్రసాద్ కూడా ఊరుకున్నాడు.

“కనకరత్నంగారూ, కింది సొరుగులో ఉన్నది ఈవేళైనా బయట పెడదామాండి?” అన్నాడు ప్రసాద్, అగరొత్తులు వెలిగిస్తూ.

“సాయంత్రందాకా చూద్దామండి. ఆయన శనివారాలే వస్తారు.”

“ఇది మూడో శనివారమండి.”

“ఆయ్,” అంది కనకరత్నం. ఆ మాటతో అవుననీ కాదనీ కూడా చెప్పొచ్చు.

సొరుగులో ఉన్నది బూడిద రంగు గేము, అరచేతిలో పట్టేంత. మద్రాసు సరుకులో అలాంటిది ఒక్కటే వచ్చింది. మిగతావి ఆపేస్తే ఆట పోతుంది. దీన్ని పొద్దున్న మధ్యలో ఆపి జేబులో వేసుకుని సాయంత్రం తీస్తే, ఇటుక ఆపిన చోటే గాల్లో ఉంటుంది. కొత్తపేట కాంపౌండరు తాతారావు కోసం దాన్ని అట్టేపెట్టింది.

పిల్లలకి గేము అమ్మడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఏది ఎక్కువ మోగితే అది పట్టుకుపోతారు. చిక్కంతా పెద్దవాళ్ళతోనే. మీసాలు తెల్లబడిన మనిషి వచ్చి దువ్వెనలు చూసి, తాళంకప్పలు చూసి, ఆఖర్ని గొంతు తగ్గించి ‘మా మేనల్లుడికండీ’ అంటాడు. అమలాపురం చుట్టుపక్కల ఇంతమంది మేనల్లుళ్ళుంటే బడులన్నీ ఎప్పుడో నిండిపోయేవి. కనకరత్నం నవ్వదు. “మీ మేనల్లుడుగారికి ఖాళీ ఎంతసేపు దొరుకుతుందండీ? ఎప్పుడెప్పుడు?” అని మర్యాదగా అడుగుతుంది.

ఆమె లెక్కలో ఆటలు రెండే రకాలు. తరిమేవి, ఆగేవి. తీరిక లేని మనిషి ఎప్పుడూ తరిమేదాన్నే చూసి ముచ్చటపడతాడు. ఇంటికెళ్ళాక ఎవరో పిలుస్తారు, తిరిగొచ్చేసరికి ఆట కూలిపోయి ఉంటుంది. నాలుగు రోజులకి దాన్ని అటక మీద పడేస్తాడు. అలా జరగకుండా చూడటమే తన పని అనుకుంటుంది. ఆ పని ఎవరూ ఆమెకి చెప్పింది కాదు.

పదకొండింటికి ఆర్టీసీ కండక్టరు ఒకాయన వచ్చాడు. చేతిలో టిక్కెట్ల పెట్టె అలాగే ఉంది.

“పిల్లాడికండీ,” అన్నాడు.

“ఖాళీ ఎంతసేపు దొరుకుతుందండీ మీ బాబుకి?”

“రాజోల్లో బస్సు తిప్పి నిలబెట్టేక ఎనిమిది నిమిషాలండి,” అని, నాలిక్కరుచుకున్నాడు.

ఆమె ఏమీ విననట్టే కార్ల పందెం ఉన్న గేము తీసింది. రెండు నిమిషాలకో పందెం అయిపోతుంది, చప్పుడు లేకుండా ఆడుకోవచ్చు. టిక్కెట్లు చింపి చింపి బండబారిన ఆయన వేళ్ళు చూసి, గట్టి బొత్తాలున్నది ఏరి ఇచ్చింది. ఆయన దాన్ని చొక్కా జేబులో కాదు, టిక్కెట్ల పెట్టె అడుగున దాచుకున్నాడు.

తాతారావు మాత్రం మేనల్లుణ్ణి తీసుకురాలేదు.

మూడు శనివారాల కిందట వచ్చాడు. యాభై దాటిన మనిషి. తెల్లచొక్కా జేబు కింద టింక్చరు మరక, ఒంటి నిండా స్పిరిటు వాసన, రెండు చేతులా మందుల సంచులు. కొత్తపేటలో ఒక నర్సింగ్‌హోములో పని. వారానికోసారి అమలాపురం వచ్చి మందులు పట్టుకెళ్ళడం కూడా ఆయన పనే. సంచులు దించకుండానే, “నాకేనండి,” అన్నాడు. “డాక్టరుగారు సిగరెట్టు మానెయ్యమన్నారండి. చేతికి ఏదో ఒకటి ఉండాలి కదండి మరి.”

కనకరత్నం తన ప్రశ్న అడిగింది.

“ఖాళీ అంటే... తెలీదండి. ఎప్పుడూ చూసుకోలేదు.” ఒక సంచి కింద పెట్టి, చెయ్యి జేబులో పెట్టాడు. “ఏదో ఒకటి ఇచ్చెయ్యండి.”

“ఏదో ఒకటి వద్దండీ. ఓ వారం చూసుకుని చెప్పండి. మీకు సరైంది తీసి పెడతాను.”

ఆయన నవ్వి, జేబులోంచి చెయ్యి తీసేశాడు. సంచి ఎత్తుకుని మెట్టు దిగి, మళ్ళీ వెనక్కి తిరిగాడు. “మరి మీకండి? మీకెంతసేపు దొరుకుద్దండి?”

“నాకెందుకండీ,” అంది.

రోగి మాట విన్నట్టు తలూపి, బస్సు హారను కొడుతుంటే పరిగెత్తాడు.

ఇందులో ప్రేమా గీమా ఏమీ లేదు. ఆయన ముఖం కూడా ఆమెకి సరిగ్గా గుర్తులేదు, సంచుల తాళ్ళు కోసుకుపోయి ఎర్రబడిన వేళ్ళే గుర్తు. కానీ ఆ ప్రశ్న ఆమెని ఇంతకుముందు ఎవరూ అడగలేదు. తండ్రి మిషన్ బళ్ళో మాస్టారు. ఆయన పోయాక తమ్ముణ్ణి చదివించడానికి ఇంటరు మానేసి కొట్టులో చేరింది. తమ్ముడు చదువుకున్నాడు, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. ఈమె పెళ్ళి సంగతి ఎవరు ఎత్తాలో తేలక అలా ఉండిపోయింది. బండారులంకలో తమ్ముడింట్లో వెనక వసారా ఆమెది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ‘అక్క ఉందిగా’ అంటారు, అంతే. నీళ్ళు పట్టడానికి అక్క ఉంది, పిల్లల క్యారేజీలకి అక్క ఉంది, చర్చిలో ముందుగా వెళ్ళి చాపలు పరవడానికీ అక్కే ఉంది.

ఆ శనివారం నుంచి ఆమె కూడా చూసుకోవడం మొదలుపెట్టింది. తెల్లారుజామున నాలుగింటికి లేచింది మొదలు మంచం ఎక్కేదాకా. బస్సులో నిలబడే సమయాన్ని ఖాళీ అనాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించింది. స్నానాన్ని కలపలేదు. ఆఖరికి రోజుకి పదకొండు నిమిషాలు తేలాయి, అవీ ఒక్కచోట లేవు. ఈ మాట ఆయనతో చెప్పాలి. ‘మీరడిగేరు కదండీ, పదకొండండీ’ అనాలి. ఆయన నవ్వుతాడు, తనూ నవ్వుతుంది. అంతకుమించి ఆమె ఏమీ కోరుకోలేదు. ఇన్నేళ్ళలో ఒక మనిషికి చెప్పాలని దాచుకున్న మాట మాత్రం ఇదొక్కటే.

ఆ తర్వాతి శనివారం తాతారావు కొట్టు దాకా రాలేదు. కదులుతున్న బస్సు కిటికీలోంచి ఒక వేలు పైకెత్తి చూపించాడు. ఇంకో వారం అని కాబోలు. పోయిన శనివారం బస్సులన్నీ చూసింది, ఏ కిటికీలోనూ కనబడలేదు.

మధ్యాహ్నం అట్టపెట్టెల వెనక చేరి క్యారేజీ విప్పింది. అన్నం, గోంగూర పచ్చడి. నాలుగో ముద్దకి ఎవరో పిన్నీసులు అడిగారు. చెయ్యి కడుక్కుని వెళ్ళి ఇచ్చి వచ్చింది. ఎనిమిదో ముద్దకి రిబ్బన్లు. మిగిలిన అన్నం తినాలనిపించక మూత పెట్టేసింది.

మూడింటికి ఒక కొబ్బరి వ్యాపారి వచ్చి, సొరుగు తెరిచి ఉండగా బూడిద రంగు గేము చూశాడు. “అది చూపించండి.”

“అది పాడైందండీ,” అంది కనకరత్నం.

ఇరవై అయిదేళ్ళలో సరుకు గురించి ఆమె ఆడిన మొదటి అబద్ధం. చెవులు వేడెక్కాయి. ప్రసాద్ పద్దు పుస్తకంలోంచి తలెత్తి చూసి, మళ్ళీ దించుకున్నాడు. వ్యాపారి వెళ్ళాక మెల్లిగా అన్నాడు: “ఆరింటిదాకానండి. తర్వాత నేనే తీసి బయట పెడతాను. ఏమనుకోకండి.”

అయిదుంబావుకి కొత్తపేట బస్సు వచ్చింది. రెండు మందుల సంచులు ఆ బస్సు వైపు కాకుండా కొట్టు వైపు రావడం కనకరత్నం చూసింది. ప్రాణం లేచొచ్చింది. సొరుగు లాగి గేము బల్ల మీద పెట్టి, కొంగుతో తెర తుడిచింది. తలెత్తేసరికి ఎదురుగా ఉన్నది ఎవరో ఆడమనిషి. అరవై ఏళ్ళుంటాయి, నీలం అంచు తెల్లచీర, కాళ్ళకి రబ్బరు చెప్పులు.

“బోర్డులేని కొట్టంటే ఇదేనాండి? కనకరత్నంగారంటే తమరేనా? నా పేరు లోవమ్మండి. కొత్తపేట నర్సింగ్‌హోములో ఆయానండి.”

“కాంపౌండరుగారు రాలేదాండీ?”

లోవమ్మ సంచులు దించింది. “ఆయన లేరండి. పోయేరు. మొన్నటి గురువారం కాదండి, అంతకుముందు గురువారం.”

కనకరత్నం గేము మీద చెయ్యి తియ్యలేదు.

“సిరంజీలు మరగేసి, బల్ల మీద కూచున్నారండి, గోడకి జేరబడి. ఎప్పుడూ కూచునే మనిషి కాదండి ఆయన. నేను గుమ్మంలోంచి చూసేను. పోనీలే పాపం, కాసేపు కూచోనీ అని లేపలేదండి.” లోవమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. “నీళ్ళన్నీ ఇగిరిపోయి గిన్నె మాడిన వాసనొచ్చింది. అప్పుడెళ్ళి చూసేనండి. అంతసేపూ నేను పక్క గదిలోనే ఉన్నానండి.”

“మీరేం చేస్తారండీ,” అంది కనకరత్నం.

“సోమవారం కొత్తాయన వస్తున్నారు. తాతారావుగారి చొక్కా మేకుకే ఉంటే తీసేను. జేబులో ఇది ఉందండి. నాకు చదువు రాదు. మందుల షాపాయన పై ముక్క చదివి, మీకిమ్మన్నారు. ఏదైనా మందు గురించాండి?”

మాత్రల డబ్బా విప్పి చదును చేసిన అట్ట. లోపలి వైపు నీలం సిరాతో, మందుచీటీ రాసినట్టు చిన్న చిన్న అక్షరాలు. కనకరత్నం కళ్ళజోడు సర్దుకుంది.

బోర్డులేని కొట్టు, కనకరత్నంగారికి చెప్పవలసినవి.

ఆది – ఉదయం 7.10 నుంచి 7.14. కాన్పు కేసు వచ్చింది.

సోమ – లేదు.

మంగళ – లంకలో ఇంజెక్షనుకి వెళ్తూ రేవులో 9 ని. ఇది నమ్మవచ్చు.

బుధ – అదే రేవు. పడవ సిద్ధంగా ఉంది.

గురు, శుక్ర – చూడటం మరిచిపోయాను.

శని – బస్సులో 40 ని. కాని రెండు చేతులా సంచులు. ఈ వారం సరిగా తేలలేదు. ఇంకో వారం చూసి చెప్పవలెను.

దాని కింద మళ్ళీ ఆది, సోమ అంటూ మొదలైంది.

“ఏంటమ్మా అది? మందులేనా?”

“కాదండీ. ఆయనకి ఖాళీ ఎప్పుడెప్పుడు దొరికిందో రాసుకున్నారు.”

లోవమ్మకి అర్థం కాలేదు. అవతల బస్సు హారను కొడుతోంది. “మీ దగ్గరే ఉంచండమ్మా. వాళ్ళింట్లో వాళ్ళకి మాత్రం ఎందుకది,” అని సంచులు ఎత్తుకుని గబగబా వెళ్ళిపోయింది.

కొట్టుకి వచ్చిన రోజు డబ్బుల కోసం ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది. ఏదో ఒకటి ఇచ్చెయ్యమన్నాడు. ఇచ్చేసి ఉంటే ఆ ఆదివారం నాలుగు నిమిషాలు, రేవులో తొమ్మిది నిమిషాలు ఆయనవి అయ్యేవి. తరిమే ఆటైనా, మోగే ఆటైనా, బొత్తాం అంటుకుపోయినదైనా సరే. తన పనితనం చూసుకుని తనే మురిసిపోయి, ఒక మనిషికి దొరకబోయిన కాస్త సుఖాన్ని వాయిదా వేసింది. ఆయన బుద్ధిమంతుడిలా వెళ్ళి, లేని ఖాళీ కోసం రోజూ వెతుక్కున్నాడు. కనకరత్నానికి ఏడుపు రాలేదు. చెప్పాలని దాచుకున్న పదకొండు అనే మాట అలాగే మిగిలిపోయింది. దాన్ని ఇంక ఎవరికి చెప్పాలో తెలీలేదు.

ఆరింటికి ప్రసాద్ వచ్చి, ఆమె ముఖం చూసి వెనక్కి వెళ్ళబోయాడు. ఆమే గేము తీసి ముందు వరసలో పెట్టింది. పావుగంటలో ఎవరో ఒకాయన వచ్చి, దువ్వెనలు చూసి, తాళంకప్పలు చూసి, మేనల్లుడికన్నాడు. కనకరత్నం ఏమీ అడగలేదు. పెట్టెలో పెట్టి, దారం చుట్టి ఇచ్చేసింది.

లోవమ్మ ఇచ్చిన అట్టముక్క గాజు బల్ల మీదే ఉంది. ఆఖరి వరసలో గురు అని రాసి, పక్కన చిన్న గీత గీసి ఉంది, గీత తర్వాత ఏమీ రాసి లేదు.